మూయబడని ద్వారము: పండిత రమాబాయి జీవిత సంగ్రహము

దుఃఖము ప్రతి మనుష్యునకును వచ్చును. కాని వచ్చిన దుఃఖ మందరియందు నొకే ఫలమును గలిగింపదు. కొందరు కష్టములచేత దైవమును నిందించి, లోకమును ద్వేషించి, తమ హృదయకవాటములను బిగించుకొందురు. మరికొందరు దైవవిశ్వాసమును విడువరు గాని, ఆ విశ్వాసమునే యొక దుర్గముగా జేసికొని, వెలుపలివారి యార్తనాదము తమకు వినబడకుండ లోపల గూర్చుందురు. ఈ రెండు తెగలవారును మనకు నిత్యము కనబడుచునే యున్నారు. విశ్వాసమును వదలక, ప్రశ్నించుట మానక, పరుల దుఃఖమునకు తలుపు తెరచి యుంచినవారు మాత్ర మరుదు. అట్టి యరుదైనవారిలో పండిత రమాబాయి సరస్వతి యొకరు. ఆమె 1858వ సంవత్సరమున బ్రాహ్మణకుటుంబమునందు జన్మించి, 1883లో క్రైస్తవమతమును స్వీకరించి, 1922లో పరమపదించెను. ఆమె స్వీకరించిన మతమును మన మంగీకరింతుమా యంగీకరింపమా యనునది వేరు విషయము. ఆమె యనుభవించిన దుఃఖమును, ఆ దుఃఖమునుండి యామె చేసిన పనిని తెలిసికొనుట యే మతస్థునకైనను మేలే చేయును.

రమాబాయి తండ్రి యనంతశాస్త్రి డోంగ్రే మహారాష్ట్ర చిత్పావన బ్రాహ్మణుడు. సంస్కృతమున గొప్ప పండితుడు. పీష్వా గృహమునందొక స్త్రీకి తన గురువు సంస్కృతము చెప్పుట యాయన బాల్యమున జూచెను. అప్పటినుండియు తన యింటి స్త్రీకిని విద్య నేర్పవలెనను కోరిక యాయన మనస్సున నాటుకొనెను. మొదటి భార్యయు పెద్దలును సమ్మతింపలేదు. ఆమె మరణించిన పిదప నాయన లక్ష్మీబాయి యను బాలికను వివాహమాడి, ఆమెకు సంస్కృతము నేర్పెను. స్త్రీకి దేవభాష చెప్పుట ధర్మవిరుద్ధమని బంధువు లాక్షేపింపగా, శాస్త్రప్రమాణములు చూపి వాదించెను. వాదములో నోడకున్నను ఊరిలో నెమ్మది లేకపోయెను. అందుచేత పశ్చిమకనుమలలోని గంగామూలమను నరణ్యప్రదేశమున కుటీరము కట్టుకొని, శిష్యులకు విద్య చెప్పుచు కాపురముండెను. అచ్చటనే 1858 ఏప్రిలు 23వ తేదీని రమాబాయి పుట్టెను.

ఆమె పసితనములోనే కుటుంబము ఆస్తి పోగొట్టుకొని తీర్థయాత్రలకు బయలుదేరెను. దేవాలయములలో పురాణము చదివి, శ్రోత లిచ్చినది స్వీకరించి జీవించుట వారి వృత్తి యయ్యెను. తల్లి తెల్లవారకమున్నే కుమార్తెను నిద్రలేపి, పక్షుల కూతలు మొదలగు వేళకు పాఠము చెప్పెడిది. బడి లేదు, పలక లేదు, నిలకడగా నొక యూరు లేదు. అయినను పండ్రెండేండ్లు వచ్చునప్పటికి రమాబాయి భాగవతమునందలి 18,000 శ్లోకములను కంఠస్థము చేసెను. పెద్దకుమార్తె బాల్యవివాహము దుఃఖకరముగా పరిణమించుట చూచిన తండ్రి, రమాబాయికి చిన్నతనమున పెండ్లి చేయ నిష్టపడలేదు. ఆ కాలమున నిది సామాన్యమైన సాహసము గాదు.

1874వ సంవత్సరము వచ్చునప్పటికి చెన్నపురి రాజధానిలో క్షామము తలయెత్తెను. 1876, 1877 సంవత్సరములలో లక్షలకొలది జనులను బలిగొన్న మహాక్షామమున కది తొలిచూపు. అనంతశాస్త్రి వృద్ధుడై, కన్నులు గానక యుండెను. కూలి చేయుట ఆ కుటుంబములో నెవ్వరికిని తెలియదు. యాచించుటకు నోరు రాదు. ఉన్న ధనమును వ్రతములకును బ్రాహ్మణభోజనములకును ఖర్చుపెట్టి, దేవతల యనుగ్రహమునకై యెదురుచూచిరి. మన తిరుపతి క్షేత్రముననే వారి చివరి బియ్యపుగింజయు నయిపోయెను. ఎరిగినవారిలో ఆకలితో చచ్చుటకంటె అడవిలో చచ్చుట మేలని తలచి, రాత్రివేళ వేంకటగిరి యరణ్యమున ప్రవేశించిరి. అచ్చట పదునొకండు దినములు నీళ్లతోడను, ఆకులతోడను, కొలదిపాటి యీతపండ్లతోడను ప్రాణములు నిలుపుకొనిరి. ఇక నోర్వలేక తండ్రి పుణ్యతీర్థమున మునిగి దేహము విడుతునని నిశ్చయించుకొని, భార్యాబిడ్డల యొద్ద నొక్కొక్కరిగా సెలవు పుచ్చుకొనెను. కడగొట్టు బిడ్డయైన రమాబాయిని చివర దగ్గరకు దీసికొని, చూపులేని కన్నులతో నీరు విడుచుచు, ధర్మమార్గము తప్పవద్దనియు, జీవించినచో భగవంతుని సేవలో జీవింపుమనియు బోధించెను. ఈ మాట యామె తన జీవితాంతమువరకు మరువలేదు.

అంతట కుమారుడైన శ్రీనివాసశాస్త్రి కులగౌరవమును విడిచి కూలిపని చేసియైనను పోషింతునని చెప్పుటచేత ఆ ప్రయత్నము నిలిచెను. కాని యడవినుండి వెలువడి యొక గ్రామము చేరునప్పటికే తండ్రికి జ్వరము తగిలెను. దేవాలయమున తలదాచుకొనబోగా అర్చకులు నిలువనీయలేదు. పాడుబడిన వేరొక గుడిలో మూడవనాటి యుదయమున నాయన ప్రాణము విడిచెను. వీరు బ్రాహ్మణులో కారో యను సందేహముచేత శవమును మోయుట కొక్కరును రాలేదు. కనికరముగల యొక బ్రాహ్మణ యువకుడు వెలివేయుదురను భయముచేత శవమును ముట్టలేకపోయినను, తన ధనముతో గొయ్యి త్రవ్వించెను. తండ్రి మరణమునకు ముందు సన్న్యాసము పుచ్చుకొనియుండుటచే భూస్థాపనము చేయవలసియుండెను. కుమారుడు తండ్రి శరీరమును తన ధోవతిలో మూటగట్టి, రెండు మైళ్లకు మించి యొంటరిగా మోసికొనిపోయెను.

ఆ సాయంకాలమే తల్లికి జ్వరము వచ్చెను. ఆమెను వెంటబెట్టుకొని బిడ్డలు నిజాము రాజ్యములోని రాయచూరువరకు వచ్చిరి. తల్లి యాకలిబాధచే అన్నము కొరకు పలవరించుచుండగా, రమాబాయి పొరుగింటి ముంగిట నిలువబడెను. అడుగుటకు నాలుక యాడలేదు. కన్నీరు మాత్రము కారెను. ఆ యిల్లాలు గ్రహించి యొక సజ్జరొట్టె నిచ్చెను. అది తల్లి నోటికి జేరినను, మ్రింగు శక్తి యామెకు లేకపోయెను. తల్లి మరణించిన పిదప శవమును శ్మశానమునకు మోయుటకు ఇద్దరు బ్రాహ్మణులు మాత్రము వచ్చిరి. నాలుగవ భారము పదునారేండ్ల రమాబాయిదే. పొట్టిదగుటచే భుజము చాలక, పాడె కొమ్మును తలపై బెట్టుకొని మూడు మైళ్లు నడచెను. మరుసటి సంవత్సరము పెద్దక్కయు విషూచిచే మరణించెను. రాయచూరులోని యా వాకిలిని మనము జ్ఞప్తియం దుంచుకొందము. అచ్చట నడుగలేక నిలువబడిన యా బాలికయే తరువాత వేలకొలది యాకలిగొన్నవారికి వారడుగకమున్నే యన్నము పెట్టెను.

మిగిలిన యన్నయు చెల్లెలును కాలినడకను దేశమంతయు తిరిగిరి. వారు నడచిన దూరము రమారమి 4,000 మైళ్లని చెప్పుదురు. పిడికెడు గింజలను నీట నానబెట్టి ఉప్పుతో తిని దినములు గడిపిరి. ఉత్తరదేశమున ఝీలం నదీతీరమందు చలికి కప్పుకొన గుడ్డ లేక, ఇసుకలో గోతులు త్రవ్వి, తలలుమాత్రము వెలుపల నుంచి, దేహములను ఇసుకతో కప్పుకొని నిద్రించిరి. ఇన్ని బాధలలో వారి పూర్వవిశ్వాసము క్రమక్రమముగా సడలెను. చేసిన వ్రతములు, ఇచ్చిన దానములు, జపించిన మంత్రములు తలిదండ్రుల నేల రక్షింపలేదను ప్రశ్న వారి నంటిపెట్టుకొనెను. ఈ ప్రశ్నను రమాబాయి పాపమని యణచివేయలేదు. దానికి ప్రత్యుత్తరము దొరకునంతవరకు వెదకుట తన విధి యని తలచెను. ఆమె భక్తి యా వెదకుటయందే మొదలయ్యెనని చెప్పవచ్చును.

1878లో వారు కలకత్తా చేరిరి. ఇరువదేండ్ల స్త్రీ సంస్కృతమున నాశువుగా ప్రసంగించుట చూచి యచ్చటి పండితులు పరీక్షించి, పండిత యనియు సరస్వతి యనియు బిరుదము లిచ్చిరి. అచ్చట నొకనాడు క్రైస్తవుల ప్రార్థనసభకు బోగా, వారు కుర్చీల యెదుట మోకరించుట చూచి, వీరు కుర్చీలను పూజింతురు కాబోలునని యన్నాచెల్లెండ్రు తలచిరట. ఎవ్వరో సంస్కృత బైబిలు నిచ్చిరి గాని, దాని భాష వారికి రుచింపలేదు. బ్రహ్మసమాజ నాయకుడైన కేశవచంద్రసేనుడు రమాబాయికొక వేదభాగమునిచ్చి చదువుమని ప్రోత్సహించెను. స్త్రీలకు వేదాధికారము లేదను నమ్మకములో పెరిగిన యామె తొలుత జంకి, పిదప చదువ నారంభించెను. స్త్రీధర్మములనుగూర్చి యుపన్యసింపవలసి వచ్చి ధర్మశాస్త్రములను శోధింపగా, ఒకదానితో నొకటి పొసగని స్మృతులన్నియు స్త్రీలను శూద్రులను తక్కువచేయుటలోమాత్ర మేకీభవించుట చూచి యామె మనస్సు మిక్కిలి నొచ్చెను.

1880లో ఢాకా నగరమున అన్నయు మరణించెను. ఆ సంవత్సరముననే ఆమె బిపినబిహారీదాసు మేధావియను వంగదేశీయుని వివాహమాడెను. అతడు కాయస్థుడు, కలకత్తా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, అస్సాము ప్రాంతమున న్యాయవాది. వర్ణాంతరమగు నీ వివాహము 1872వ సంవత్సరపు మూడవ చట్టముక్రింద జరిగెను. ఆ చట్టముననుసరించి పెండ్లియాడువారు తాము హిందూమతమునుగాని, క్రైస్తవాది యితర మతములనుగాని యవలంబింపలేదని వ్రాతమూలకముగా ప్రకటింపవలసి యుండెను. కావున చట్టము దృష్టిలో నాడామె యే మతమునకును చెందనిది. దైవము నన్వేషించుట విడువని హృదయమునకు, మతము లేదని వ్రాసి చేవ్రాలు చేయవలసి వచ్చుట విచిత్రమే. సిల్చారులోని యింట నొకనాడు పుస్తకముల నడుమ వంగభాషలోనున్న లూకా సువార్త యామె చేతికి దొరకెను. ఒక బాప్తిస్టు బోధకు డప్పుడప్పుడు వచ్చి బైబిలు కథలు వివరించెడివాడు. భర్త కది యిష్టము లేదు. ఆ తగవు తీరకముందే, 1882 ఫిబ్రవరి 4వ తేదీని విషూచి యతనిని గొనిపోయెను. వారి దాంపత్యము రెండేండ్లైనను నిండలేదు. చేతిలో మనోరమ యను పది నెలల బిడ్డ మిగిలెను.

ఎనిమిదేండ్లలో తల్లి, తండ్రి, అక్క, అన్న, భర్త గతించిరి. ఇరువదినాలుగేండ్ల వితంతువు తనబిడ్డతో నొక మూల గూర్చుండి యేడ్చినచో తప్పుపట్టు వారుండరు. ఆమె పూనాకు వచ్చి యార్యమహిళాసమాజమును స్థాపించెను. స్త్రీధర్మనీతి యను గ్రంథమును మహారాష్ట్రభాషలో వ్రాసి ప్రకటించెను. అదే సంవత్సరము విద్యావిషయమున విచారణ జరుపుచుండిన హంటరు సంఘము నెదుట సాక్ష్యమిచ్చి, స్త్రీలకు స్త్రీ వైద్యులును స్త్రీ యుపాధ్యాయులును కావలెనని వాదించెను. రానడే మొదలగు సంస్కర్తలు ఆమెకు బాసటగా నిలిచిరి. వైద్యము నేర్వవలెనను కోరికతో, గ్రంథము వలన వచ్చిన ధనముతో, 1883లో నామె ఇంగ్లండునకు పయనమయ్యెను.

అచ్చట వాంటేజి పట్టణమున నాంగ్లికన్ సన్న్యాసినుల మఠమందు బసచేసెను. ఆ సన్న్యాసినులు లండను నగరపు ఫుల్హాము భాగమున పతితలైన స్త్రీలకొక యాశ్రమము నడుపుచుండిరి. లోకము చీత్కరించు స్త్రీలను వారు తోబుట్టువులవలె సేవించుట రమాబాయి చూచెను. స్వదేశమున నట్టి స్త్రీలకు దండనయే గాని దయ యుండునని యామె యెన్నడు నెరుగదు. ఈ దయకు మూలమేమని యడుగగా, వారు సమరయ స్త్రీతో బావి యొద్ద క్రీస్తు మాటలాడిన కథను చదివి వినిపించిరి. వాదములకు లొంగని యామె హృదయమును ఆ సేవ కదలించెను. ఇంతలో మరియొక యాపద వచ్చెను. తనతో కూడ వచ్చిన స్నేహితురాలు ఆనందీబాయి భగత్ పరదేశమున మనోవ్యాకులతకు లోనై యాత్మహత్య చేసికొనెను. ఆ దుర్ఘటనకు పిదప 1883 సెప్టెంబరు 29వ తేదీని రమాబాయి తన కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందెను. ఈ వార్త విని పూనాలో నామెను శ్లాఘించిన నోళ్లే నిందింప మొదలిడెను.

ఇక్కడ మన మొక విషయమును శ్రద్ధగా గమనింపవలెను. దుఃఖముచే నలిగినవారు మతమాశ్రయించినప్పుడు, నీడ నిచ్చినవారికి బుద్ధిని కూడ నర్పింతురని లోకు లనుకొందురు. రమాబాయి యట్లు చేయలేదు. తనను కన్నతల్లివలె నాదరించిన జెరాల్డీన్ సోదరితోను, చెల్టెన్‌హాము కళాశాలాధ్యక్షురాలగు డొరోథియా బీలుతోను నామె జరిపిన యుత్తరప్రత్యుత్తరములు 1977లో గ్రంథముగా ముద్రింపబడినవి. త్రిత్వసిద్ధాంతమును విచారింపక యొప్పుకొననని యామె వాదించెను. తన మనస్సాక్షిని ఏ పురోహితునకును తాకట్టు పెట్టననెను. శిలువపై లాటిను మాటలకు బదులు సంస్కృతపు మాట లేల యుండరాదని యడిగెను. మాంసభక్షణమును ముట్టలేదు. చెల్టెన్‌హామున నామె పురుషులకు సంస్కృతము చెప్పరాదని బిషప్పులు చెప్పగా, స్వదేశమున పండితసభలలో నిర్భయముగా మాటలాడిన తనకు ఈ కట్టుబాటేమని తిరస్కరించెను. ఆమెకు గర్వమనియు, అవిధేయత యనియు నిందలు వచ్చెను. అయినను నిందించినవారిని నామె విడువలేదు. వారు నామెను విడువలేదు. భేదాభిప్రాయము నడుమ ప్రేమ నిలుచుట యెట్టిదో యా యుత్తరములు చూపుచున్నవి.

ఇంతలో వినికిడి మందగించుటచే వైద్యవిద్య యాస పోయెను. ఆ నష్టమునుండియు నామె వేరొక దారి వెదకికొనెను. 1886లో తన బంధువైన ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్యపట్టము పుచ్చుకొను నుత్సవము చూచుటకు అమెరికా వెళ్లి, అచ్చట రెండేండ్లకు పైగా నిలిచెను. శిశువిద్యాపద్ధతుల నభ్యసించెను. ఉన్నతకుల హిందూస్త్రీయను గ్రంథమును ఆంగ్లమున వ్రాసి 1887లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే బోస్టనులో నామె పేర నొక సంఘమేర్పడి, బాలవితంతువుల పాఠశాలకు పదేండ్లు ధనసహాయము చేయుటకు పూనుకొనెను.

1889 మార్చి 11వ తేదీని బొంబాయిలో శారదాసదనము తెరువబడెను. తొలి వితంతు విద్యార్థిని గోదూబాయి. 1893లో ధొండో కేశవ కర్వే వివాహమాడినది ఈమెనే. ఏ మతమును బలవంతముగా బోధింపరాదనియు, విద్యార్థినులు తమ యాచారములను స్వేచ్ఛగా నడుపుకొనవచ్చుననియు నియమము. ఆలోచనసంఘములో రానడే, భండార్కరు మొదలగు పెద్దలుండిరి. 1890లో సదనము పూనాకు మారెను. కాని త్వరలోనే కలత పుట్టెను. రమాబాయి ప్రతిదినము తన కుమార్తెతో ప్రార్థన చేసికొనునప్పుడు గది తలుపు తెరచియే యుండెడిది. పిల్లలు కొందరు తమంతట వచ్చి కూర్చుండిరి. తలుపు మూసికొనుమని పెద్దలు కోరిరి; ఆమె యొప్పుకొనలేదు. పత్రికలు మండిపడెను. 1893లో ఆలోచనసంఘమువారు రాజీనామాలిచ్చిరి. సంరక్షకులు పలువురు బాలికలను తీసికొనిపోయిరి.

ఈ వివాదమున న్యాయ మెవ్వరిదని విచారించువారు రెండు పక్షములను వినవలెను. మతప్రసక్తి లేదను మాట నమ్మి బిడ్డల నప్పగించిన తండ్రికి, ఆ మాట యక్షరముతో బాటు భావమునందును నిలువవలెనని కోరు హక్కు కలదు. లేతవయస్సువారు తమ్ము పోషించు తల్లి చేయు ప్రార్థనను చూచుటయే యొక బోధ గదా! ఈ యాక్షేపణ త్రోసివేయదగినది గాదు. మరియొక ప్రక్క, తన యింట తన దైవమును తలుపు మూసికొని దొంగవలె పూజింపుమని యొక మనుష్యుని నిర్బంధించుట స్వేచ్ఛ గాదు. హిందూబాలికలు తమ పూజలు బాహాటముగా చేసికొనవచ్చునట; అధ్యక్షురాలుమాత్రము గొళ్లెము పెట్టుకొనవలెనట! ఇరుపక్షముల వాదములలో నెంత సత్యమున్నను, ఒక సంగతి స్పష్టము. రాజీనామా యిచ్చిన పెద్దలలో పలువురు సభావేదికలమీద వితంతువులకొర కెంతయో పాటుపడినవారు. అయినను వారు తొలగిన మరునాడు ఆ వితంతువులకు అన్నము వండించినది ఆమెయే. ఉపకారమునకు షరతులు వ్రాయుట సులభము. షరతులు తెగిన పిదప మిగిలిన బిడ్డలను పోషించుట కష్టము.

ఈ సంవత్సరములలోనే యామె యంతరంగమునను గొప్ప మార్పు కలిగెను. తాను బాప్తిస్మము పొందిన యెనిమిదేండ్లకు, తనకు క్రైస్తవమతము దొరకినది గాని క్రీస్తు దొరకలేదని గ్రహించితినని యామె స్వయముగా తన సాక్ష్యగ్రంథమున చెప్పుకొనెను. వాదించి తెలిసికొన్న సిద్ధాంతము దుఃఖమున పట్టుకొమ్మ కాజాలదనియు, దైవము తన్ను ప్రేమించుచున్నాడను నమ్మకమే పట్టుకొమ్మ యనియు నామెకు తోచెను. ఆ నమ్మకము కలిగిన తరువాత నామె జీవితమున తొందర తగ్గెను. పనిమాత్రము పదిరెట్లు పెరిగెను.

1896లో మధ్యపరగణాలయందు క్షామము వచ్చెను. ఆ వార్త విన్న రమాబాయికి వేంకటగిరి యరణ్యము తలపునకు వచ్చియుండును. తన యొద్ద ధనము లేదు. అయినను స్వయముగా పోయి, యెముకలగూళ్లవలె నున్న బాలికలను, వితంతువులను, దుష్టులు పొంచియుండి యెత్తుకొనిపోజూచుచుండిన యనాథలను సుమారు 300 మందిని వెంటబెట్టుకొని వచ్చెను. పూనాలో ప్లేగు వ్యాపించియుండుటచే అధికారు లచ్చట వారిని నిలుపనీయలేదు. అంతట పూనాకు ముప్పదిమైళ్లకు పైబడిన దూరమున, కేడ్గాములో పాఠశాల పోషణార్థము పండ్లతోటకై కొనియుంచిన భూమిలో గుడారములు వేయించి, బావులు త్రవ్వించి, వారి నునిచెను. అదియే ముక్తిసదనము. ప్లేగు శిబిరములలో స్త్రీల మానమునకు రక్షణ లేదని 1897లో పత్రికకు వ్రాసి ప్రభుత్వమునకు నప్రియురాలయ్యెను. తెల్లదొరల మతములో చేరినంతమాత్రమున వారి తప్పులను కప్పిపుచ్చుట యామెకు చేతగాలేదు. 1900లో గుజరాతునందు కరవు రాగా మరి వెయ్యిమందికి పైగా చేర్చుకొనెను. అప్పటికి ముక్తిసదనమున నున్నవారు సుమారు 2,000.

రెండువేల నోళ్లకు అన్నము పెట్టుటయే గొప్ప కార్యము. ఆమె యంతటితో తృప్తి పడలేదు. తాను బాల్యమున పనిచేయుట నేరక పడిన బాధ నామె మరువలేదు. అందుచే ప్రతి స్త్రీకిని చదువుతోబాటు ఒక వృత్తి నేర్పించెను. మగ్గములు, గానుగలు, గోశాల, వ్యవసాయము, ముద్రాయంత్రము అన్నియు స్త్రీల చేతులతోనే నడచెను. గ్రుడ్డివారికి బ్రెయిలు లిపి నేర్పించి, బుట్టలల్లుట మొదలగు పనులు చెప్పించెను. లోకము పతితలని విడిచిన స్త్రీలకు కృపాసదన మను గృహము వేరుగా కట్టించెను. ఫుల్హామున చూచిన దయ కేడ్గామున నిట్లు వేరూనెను. ఆకలిగొన్న యనాథలకు తన మతమును బోధించుట తగునాయని పలువురు ప్రశ్నించిరి. ఈ ప్రశ్న న్యాయమైనదే. అన్నమునకును మతమునకును ముడిపెట్టుట యెల్లకాలములందును విచారింపదగిన విషయమే. కాని యా ప్రశ్న వేయువారు మొదట తమ్ముదాము వేరొకటి ప్రశ్నించుకొనవలెను: ఆ బాలికలు దారిప్రక్కల బడి యుండినప్పుడు వారిని చేరదీయుటకు మన గృహములలో నెన్ని తలుపులు తెరువబడెను?

జీవితపు చివరి భాగమున నామె బైబిలు గ్రంథమును పామరస్త్రీలకు తెలియు సులభమైన మహారాష్ట్రభాషలోనికి మార్చుటకు పూనుకొనెను. దానికొరకు నడివయస్సు దాటిన పిదప హీబ్రూ, గ్రీకు భాషల నభ్యసించెను. సంస్కృతమున నాశుకవిత్వము చెప్పగల పండితురాలు, గొప్ప సమాసముల నన్నిటిని విడిచి, పొలములో పనిచేయు స్త్రీ వినినంతనే గ్రహించు మాటలకొరకు పదునైదేండ్లకు మించి వెదకెను. పనియంతయు ముక్తిసదనపు ముద్రాశాలలో, తాను కరవునుండి తెచ్చిన బాలికల చేతులతోనే జరిగెను.

దుఃఖమింకను ముగియలేదు. కుమార్తె మనోరమ పట్టభద్రురాలై తల్లికి కుడిచేయిగా నుండెను. 1913 ప్రాంతమున నిజాము రాజ్యములోని గుల్బర్గాలో శాంతిసదనమను బాలికాపాఠశాల యామె పూనికతో వెలసెను. ఆకలితో తల్లి కన్నుమూసిన రాయచూరునకు పొరుగు సీమ యది. తన పిదప పని నడుపునని రమాబాయి యాశపెట్టుకొన్న యా యేకైక కుమార్తె 1921 జూలై 24వ తేదీని మిరజు పట్టణమున మరణించెను. అప్పటికి రమాబాయి దాదాపు పూర్ణముగా చెవిటిదై, దేహబలము తగ్గినదై యుండెను. ఆ వార్త వినియు నామె తన బల్ల యొద్దకే మరలి, అనువాదపు టచ్చుప్రతులను దిద్దుచుండెను. ఆ పని ముగిసిన కొలది కాలమునకే, 1922 ఏప్రిలు 5వ తేదీని, నిద్రలో ప్రాణము విడిచెను. ఆ బైబిలు 1924లో వెలువడెను. ముక్తిసదనము నేటికిని కేడ్గామున నడచుచున్నది. ఒకప్పుడామె పేరు పలుక నిష్టపడని దేశము 1989లో నామె చిత్రముతో తపాలాబిళ్లను వెలువరించెను.

ఈ చరిత్రమువలన మనము గ్రహింపదగిన దేమి? కష్టములే మనుష్యుని గొప్పవానిగా జేయునని కొందరందురు. అది సత్యము గాదు. ఆ క్షామముననే లక్షలకొలది జనులు నశించిరి. వారి కష్టమెవ్వరిని గొప్పవారిని జేయలేదు. ఆకలి యాకలియే, అందు పవిత్రత యేమియు లేదు. రమాబాయి యాకలిని పొగడలేదు, దైవదత్తమని చేతులు ముడుచుకొని యూరకుండలేదు. తన కేల వచ్చెనని యడిగెను, ఇతరులకు రాకుండ నేమి చేయుదునని మరల నడిగెను. విశ్వాసమనగా మొదటి ప్రశ్నను మానుట యని పలువు రనుకొందురు. రెండవ ప్రశ్నను మానకుండుటయే విశ్వాసమని యామె జీవితము బోధించుచున్నది.

మతము మారినందుకు స్వజనులు నిందించిరి; బుద్ధిని విడువనందుకు స్వమతస్థులు నిందించిరి. ఇరువైపుల నిందల నడుమ నిలిచినవారు సాధారణముగా కఠినచిత్తు లగుదురు. ఆమె కాలేదు. ఆమె గది తలుపు తెరచియే యుండెను. దానివలన గొందరు మిత్రులు వెడలిపోయిరి, అనాథలు లోనికి వచ్చిరి. విద్యావంతులును, గృహస్థులును, దేశమేలు కోరువారును అగు మనము దైవమును ఏ పేరున బిలిచినను, మన గృహద్వారమున నోటమాట రాక నిలువబడు బాలిక యొకతె నేడును గలదు. ఆమె యడుగలేదు. మనమే చూడవలెను.